మిషను చెప్పులు

మా మావయ్యని కరెంటు కొట్టదు.

నమ్మనివాళ్ళు మా వీధికి వచ్చి స్తంభాన్ని అడగండి. ఒకసారి గాలివానకి తీగ తెగి రోడ్డు మీద పడి బుసలు కొడుతుంటే వీధి వీధంతా అరుగులెక్కి నిలబడింది. మావయ్య వచ్చి దాని వంక ఒక్క చూపు చూశాడు. తీగ సిగ్గుపడి తనంతట తానే స్తంభం ఎక్కిపోయింది. పిడుగు సంగతీ అంతే. ఒక మధ్యాహ్నం నేరుగా ఆయన నెత్తి మీదికే దిగుతూ, ఎవరో చూసుకుని, నాలుక్కరుచుకుని పక్కింటివాళ్ళ డిష్షు మీద పడింది. ఆయన ఆవలిస్తే మూడిళ్ళ అవతల ఫ్యాను తిరుగుతుంది. సైన్సు మాస్టారు కరెంటు పాఠం మొదలుపెట్టబోయిన వారమే నేను బడి మానేశాను కాబట్టి దీనికి కారణం చెప్పలేను. ఆ పాఠంలో ఇది ఉండి ఉంటుందనీ అనుకోను.

ఈ కథలన్నీ నేను టీ కొట్టు దగ్గర చెబుతుంటే మావయ్య పక్కనే బల్ల మీద కూర్చుని టీ ఊదుకుంటూ ఉంటాడు. ఔననడు, కాదనడు. అత్తయ్య ఉన్న రోజుల్లో అయితే నవ్వేవాడు. అత్తయ్య అంతకన్నా గట్టిగా నవ్వేది. "కరెంటు కొట్టకపోతే మానె, నేను కొడతా. ముందు ఆ మట్టికాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మను మీ మావయ్యని" అనేది. మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు ఆయన. ఇళ్ళల్లో వైరింగు పని. ఎండుకట్టెలాంటి మనిషి, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు, భుజాన గుడ్డ సంచి. సంచి ఒక వైపు, మనిషి ఇంకో వైపు ఒరిగి నడుస్తుంటే దూరం నుంచి ఎవరు ఎవర్ని మోస్తున్నారో తెలిసేది కాదు.

ఆయనకో అలవాటుంది. ఇనప వస్తువు ఏదైనా సరే, టెస్టరు పెట్టి చూశాక కూడా మొదట చేతి వెనక భాగం ఆనించి ముట్టుకుంటాడు. షాకు కొడితే చెయ్యి ముడుచుకుపోతుందట. అరచేత్తో పట్టుకుంటే ఆ ముడుచుకోవడంలో వస్తువుని ఇంకా గట్టిగా పట్టేసుకుంటాం, వదలమన్నా చెయ్యి వదలదు. వెనకచెయ్యి అయితే ముడుచుకుని ఇవతలికి వచ్చేస్తుంది. ఇది ఆయనలో ఎంతగా ఇంకిపోయిందంటే కుళాయిని అలాగే ముట్టుకుంటాడు, తలుపు గొళ్ళేన్ని అలాగే ముట్టుకుంటాడు, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నుదుటి మీద కూడా వెనకచెయ్యే పెట్టాడు. నాలో ఎన్ని వోల్టులున్నాయో ఆ రోజే తెలుసుకుని ఉంటాడు.

రెండో అలవాటు తర్వాత వచ్చింది. ఇప్పుడు ఏ ఇంటికి పనికి వెళ్ళినా, ఫ్యాను అనండి, బల్బు అనండి, సంచి దించకముందే ఆ ఇంటి ఇల్లాల్ని ఒక్క మాట అడుగుతాడు.

"అమ్మా, మీ ఇంట్లో చెప్పులేసుకుని ముట్టుకునే వస్తువు ఏదైనా ఉందా?"

ఆవిడ ఆశ్చర్యపోయి నవ్వుతుంది. "మీకెవరు చెప్పారండీ? మా ఫ్రిజ్జు ఉందిగా. కాస్త జిల్లుమంటుంది. చెప్పులేసుకుంటే ఏం కాదు."

ఇంక ఫ్యాను సంగతి తర్వాత. మెయిను ఆపించి, ఫ్రిజ్జు ప్లగ్గు పీకి పక్కన పెడతాడు. లోపల పాలు విరిగిపోతాయని ఆవిడ మొత్తుకున్నా ఎర్తు సంగతి తేలేదాకా దాన్ని మళ్ళీ పెట్టనివ్వడు. చాదస్తం అనుకునేవాళ్ళున్నారు. ఆ ప్రశ్న ఆయన ఏ బళ్ళో నేర్చుకున్నాడో తెలిస్తే అనరు.

వాళ్ళింట్లో వెనకవైపు బట్టలుతికే చోటు ఉండేది. నేలంతా నాచు పట్టి జారుతోందని అత్తయ్య పోరగా పోరగా మావయ్య అక్కడ సిమెంటు చేయించాడు. సిమెంటు మేస్త్రి పలుగు వేసి పాత నేల లేపేటప్పుడు, భూమిలోకి దిగిన ఎర్తు తీగ తెగిపోయింది. ఎవరూ చూడలేదు. దాని మీద నున్నగా సిమెంటు పరిచేశారు. అక్కడే బట్టలుతికే మిషను పెట్టారు. కొన్నాళ్ళకి అది ముట్టుకుంటే జిల్లుమనడం మొదలుపెట్టింది.

మావయ్య నాకు చెప్పిన కరెంటు పాఠం ఒకటే. కరెంటుకి నేల చేరడం తప్ప వేరే ధ్యాస లేదురా అనేవాడు. మిషనులో ఎక్కడో తీగ మీద తొడుగు దెబ్బతిని కరెంటు పైరేకులోకి వస్తుంది. మూడో తీగ, అదే ఎర్తు, ఆ పచ్చది, సరిగ్గా ఉంటే దాన్ని పట్టుకుని మర్యాదగా భూమిలోకి దిగిపోతుంది. అది లేకపోతే తడికాళ్ళతో ఎవరొచ్చి ముట్టుకుంటారా అని కాచుకుని కూర్చుంటుంది.

ఇంత తెలిసిన మనిషి ఒక్క నిమిషంలో రోగం పట్టేశాడు. "ఎర్తు పోయింది. ఆదివారం తవ్వి కొత్త గొట్టం దింపుతా. అప్పటిదాకా చెప్పులేసుకుని ముట్టుకోండి."

ఆదివారం వచ్చింది. "కొత్త సిమెంటు అప్పుడే పగలగొడతావా? కాస్త ఆరనీ" అంది అత్తయ్య. తర్వాతి ఆదివారం ఎవరిదో మోటారు కాలిపోయింది. ఆ తర్వాత ఇంకెవరిదో గీజరు. మిషను ముందు మాత్రం నీలం రబ్బరు చెప్పుల జత ఒకటి వచ్చి కూర్చుంది. మిషను చెప్పులు అని పేరు కూడా పెట్టుకున్నారు. వాటిని ఇంకెక్కడికీ వేసుకెళ్ళకూడదని అత్తయ్య చట్టం. నేను ఒకసారి వాటిలో కాళ్ళు పెట్టి వీధి గుమ్మం దాకా వెళితే చీపురు విసిరింది. "అవి ఉద్యోగంలో ఉన్నాయిరా, దింపు" అంది.

ఆ చెప్పులు పనిచేశాయి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. అవి పనిచేయకపోయి ఉంటే, రెండోరోజే ఎవరికైనా గట్టిగా చురుక్కుమని ఉంటే, మావయ్య ఆ సాయంత్రమే సిమెంటు పగలగొట్టేవాడు. పోనీ ప్లగ్గు పీకి పక్కన పడేసినా సరిపోయేది, బట్టలు చేత్తో ఉతుక్కునేవాళ్ళు. చెప్పులున్నాయి కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

ఆ రోజు పొద్దున దర్జీ కొట్టులో బోర్డులోంచి పొగ వస్తోందని ఎవరో పరిగెత్తుకొచ్చి పిలిచారు. మావయ్య సంచి తగిలించుకుని గడప దాటుతుండగా చెప్పు తెగింది. వెనక్కి వచ్చాడు. దొరికిన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అత్తయ్య బకెట్టు పట్టుకుని మిషను దగ్గరికి వెళ్ళింది. చేతులు తడి, కాళ్ళు తడి. చెప్పుల కోసం చూసిందో, చూసి లేవని ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుందో ఎవరికీ తెలియదు.

వాళ్ళమ్మాయి, నా మరదలు, అప్పట్లో కాలేజీలో చదువుతోంది. శబ్దం విని వెనకవైపుకి వచ్చింది. తల్లి మిషనుకి అతుక్కుపోయి ఉంది. ఆ పిల్లకి మాటలు వచ్చినప్పటి నుంచి మావయ్య నూరిపోసిన మాట ఒకటుంది: ముందు మెయిను, తర్వాత మనిషి. షాకు కొడుతున్న మనిషిని పట్టుకుని లాగబోతే ఒకరికి ఇద్దరు పోతారు. అందుకని ఆ పిల్ల తల్లిని ముట్టుకోలేదు. తల్లికి వీపు పెట్టి, ముందుగది దాకా పరిగెత్తి, మెయిను ఆపి, మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. అప్పటికి అత్తయ్య నేల మీద ఉంది. లేవలేదు.

తండ్రి మాట విన్నందుకు ఆ పిల్ల బతికింది. ఆ మాటే ఇప్పటికీ దాన్ని తింటోంది.

ఎవరో చెబితే దర్జీ కొట్టు నుంచి మావయ్య పరుగున వచ్చాడు. వాకిట్లో జనం తప్పుకుని దారిచ్చారు. మరదలు తలెత్తి ముందు ఆయన మొహం చూడలేదు. కాళ్ళు చూసింది. నీలం చెప్పులు.

దాని గురించి ఆ తండ్రీకూతుళ్ళు ఆనాడూ మాట్లాడుకోలేదు, ఆ తర్వాతా మాట్లాడుకోలేదు. కర్మకాండలయ్యాక మావయ్య ఆ సిమెంటంతా ఒక్కడే పగలగొట్టి, గొట్టం దింపి, తీగ బిగించాడు. సాయం పట్టబోతే నన్ను పక్కకి నెట్టేశాడు. మిషను అప్పటికే పాతసామాన్లవాడికి వెళ్ళిపోయింది. ఏ వస్తువు కోసం ఆ ఎర్తు వేశాడో నేను అడగలేదు.

మరదలికి పెళ్ళయింది. అల్లుడు మందుల షాపులో పనిచేస్తాడు, నిమ్మళమైన మనిషి. ఊరి ఆ చివర అద్దె ఇల్లు. తండ్రి వెళ్తే కూర్చోబెడుతుంది, టీ ఇస్తుంది, మందులు వేసుకుంటున్నావా అని కసురుతుంది. ఒక్కటే నియమం. గుమ్మం దగ్గరే "సంచి బయట పెట్టి రా నాన్నా" అంటుంది. ఆ ఇంట్లో బల్బు మాడినా వేరే మేస్త్రే రావాలి. మావయ్య సంచి మెట్టు మీద పెట్టి ఉత్త చేతులతో లోపలికి వెళ్ళి కూర్చుంటాడు. వచ్చేటప్పుడు తగిలించుకుని వస్తాడు. కుక్క కాపలా ఉన్నట్టు ఆ సంచి బయట కూర్చుని ఉండేది.

నాది గోడలకి రంగులేసే పని. ఒకరోజు ఆ పక్క పనిపడి మరదలింటికి వెళ్ళాను. చేతులు కడుక్కుందామని వెనకవైపుకి వెళితే అక్కడ కొత్త మిషను. దాని ముందు రబ్బరు చెప్పుల జత.

నా నోరు నా మాట వినదు కదా. "ఇదేంటి మరదలా, మిషనుకి చెప్పులు కొన్నారు? నడిచి పారిపోతుందనా?"

అది నవ్వలేదు. "ఆయన తెచ్చి పెట్టారు బావా. ముట్టుకుంటే జిల్లుమంటోందట."

"నువ్వు ముట్టుకుంటున్నావా?"

"దాని జోలికే పోను. నా బట్టలు బకెట్లో ఉతుక్కుంటున్నా. ఆయనవి ఆయన అందులో వేసుకుంటారు."

"వద్దని చెప్పొచ్చుగా."

"చెప్పకుండా ఉంటానా? చెప్పులున్నాయిగా అన్నారు."

"మీ అమ్మ సంగతి..."

"షాకు కొట్టి పోయిందని ఆయనకి తెలుసు. అంతవరకే తెలుసు." తువ్వాలు నా చేతిలో పెట్టింది. "మా ఇంట్లోనూ చెప్పులుండేవి అంటే, మరి వేసుకోలేదా అంటారు. ఎందుకు వేసుకోలేదో చెప్పాలి. అప్పుడు నాన్న ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఆయన ఏం చూస్తారు బావా?"

చేతులు తుడుచుకోకుండానే తువ్వాలు తిరిగి ఇచ్చేసి బయటపడ్డాను.

నేరుగా మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఎవరింట్లోనో నిచ్చెన మీద ఉన్నాడు. కింద నిలబడే చెప్పేశాను. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"వాడేది ఎవరు?"

"అల్లుడే. చెప్పులేసుకుని."

నిచ్చెన దిగాడు. మళ్ళీ వస్తానని ఆ ఇంటావిడకి చెప్పి సంచి తీసుకున్నాడు. దారి పొడుగునా నేను వాగుతూనే ఉన్నాను. ఆయన నడక ఎంత వేగమంటే, మా వెనక బయల్దేరిన సిటీ బస్సు సిగ్గుపడి వేరే రూటులో వెళ్ళిపోయింది.

మరదలు తలుపు తీసి నన్నొక చూపు చూసింది. నేను గోడకున్న రంగు పరీక్షిస్తూ నిలబడ్డాను.

"రా నాన్నా. సంచి అక్కడ పెట్టు."

మావయ్య లోపలికి వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను రాను తల్లీ. మెయిను ఆపి ఆ మిషను ప్లగ్గు పీకెయ్యి, చాలు."

"పీకేస్తా. సాయంత్రం ఆయనొచ్చి మళ్ళీ పెడతారు."

"నీకు నచ్చిన మేస్త్రిని పిలువు. అతనొచ్చేదాకా ఇక్కడే కూర్చుంటా."

"ఎండలో కూర్చుంటావా?"

"కూర్చుంటా."

అది లోపలికి వెళ్ళిపోయింది. గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. కాసేపటికి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి నిలబడింది.

"ఇంటాయనకి చెప్పాం నాన్నా. మనిషిని పంపిస్తానన్నాడు."

"ఎప్పుడు?"

అది గ్లాసు వంక చూసింది.

"ఆదివారం."

ఇద్దరూ తలలు దించుకున్నారు.

మరదలు వంగింది. మావయ్య ఒళ్ళోంచి సంచి తీసుకుంది. బరువుకి భుజం ఒరిగింది.

"ఇంత బరువు మోసుకు తిరుగుతున్నావా?" అంది. గడప దాటించి లోపల నేల మీద పెట్టింది. "మెయిను నేను ఆపుతా. నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకు."

మావయ్య చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

మిషను వెనక సాకెట్టు విప్పితే తెలిసింది. గోడలోంచి పచ్చ తీగ వచ్చింది గానీ దాన్ని బిగించలేదు, చుట్ట చుట్టి మూలకి కుక్కి పెట్టారు. చూసేవాళ్ళకి పైన మూడు కన్నాలూ ఉంటాయి, ఎర్తుకుండే ఆ పెద్ద కన్నం ఉత్త కన్నమే. మావయ్య తీగ కొస చెక్కి బిగించాడు. గేటు పక్క పూలకుండీ కింద ఎర్తు గొట్టం మూత ఉంది. అక్కడ తుప్పు గీకి, బోల్టు మార్చి, బకెట్టు నీళ్ళు పోయించాడు. నీళ్ళు నేను మోశాను. ఆ గొట్టం ఎంత దాహంగా ఉందంటే ఊళ్ళో కుళాయిలన్నీ ఆ పూట బంద్.

"మెయిను వెయ్యి తల్లీ" అన్నాడు.

రెండు తీగలు తగిలించిన బల్బు ఒకటి తీసి, ఒక తీగ కరెంటు కన్నంలో, ఒకటి ఎర్తు కన్నంలో పెట్టాడు. బల్బు నిండుగా వెలిగింది, అంటే ఎర్తు అందింది. ఆ వెలుతురులో మరదలు బల్బు వంక చూడలేదు, పట్టుకున్న చేతుల వంక చూసింది.

"ఇప్పుడు ఆపు."

మెయిను దగ్గర ఇంకో పని చేశాడు. సంచి అడుగు నుంచి చిన్న అట్టపెట్టె తీశాడు. అంచులు అరిగిపోయి, పైన అక్షరాలు చెరిగిపోయి ఉంది. లోపల ఉన్నది మాత్రం కొత్త సరుకు, కరెంటు నేలలోకి లీకైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు.

"మామూలు ట్రిప్పరు తీగల్ని కాపాడుతుంది. ఇది మనిషిని" అన్నాడు, బిగించాక. "దీని మీద ఈ బొత్తాం ఉంది చూడు. నెలకోసారి నొక్కు. టక్కుమని పడిపోవాలి. పడకపోతే..." ఆగాడు. "పడకపోతే ఎవరినైనా పిలువు."

మరదలు మెయిను వేసి నొక్కింది. టక్కుమని పడింది. మళ్ళీ ఎత్తి, మళ్ళీ నొక్కింది. అలా ఊరికే నొక్కుతూనే ఉంది.

"చాలమ్మా" అన్నాడు మావయ్య.

"ఈ పెట్టె ఎప్పటి నుంచి సంచిలో ఉంది నాన్నా?"

ఆయన స్క్రూలు ఏరుకుంటున్నాడు. "నీ పెళ్ళప్పటిది" అన్నాడు.

అది కొంగు కళ్ళకి ఒత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. మావయ్య మిషను దగ్గరికి వెళ్ళి, ప్లగ్గు తగిలించి, టెస్టరు పెట్టి చూసి, తర్వాత ఉత్తకాళ్ళతో నిలబడి వెనకచెయ్యి రేకుకి ఆనించాడు. అవసరమైనదానికన్నా చాలాసేపు ఉంచాడు. తర్వాత వంగి, ఆ చెప్పుల జతని దులిపి, సంచిలో పెట్టుకున్నాడు.

అల్లుడు షాపు నుంచి వచ్చేసరికి, మళ్ళీ మెయిను ఆపించి సాకెట్టుకి మూత బిగించడం ఒక్కటే మిగిలింది. ఇంట్లో సంచి చూసి అతను గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగాడు. భార్య మొహం చూశాడు. నేరుగా వెనకవైపుకి వచ్చాడు.

"మీరెందుకు శ్రమపడ్డారు మావయ్యగారూ. చిన్న జిల్లేగా. చెప్పులేసుకుంటే ఏం కాదని నేనే చెప్పాను తనకి." మిషను ముందు నేల చూశాడు. "ఇక్కడ చెప్పులుండాలే?"

వంటింటి గుమ్మంలో మరదలు టీ గ్లాసులతో నిలబడిపోయింది. దాని చూపు నా మీద పడింది. ఏదో ఒకటి వాగు బావా అని దానర్థం. నాకు చేతనైన విద్య అదొక్కటే.

"మా మావయ్య ఉండగా చెప్పులెందుకు తమ్ముడూ? ఈయన్ని కరెంటు కొట్టదు. కావాలంటే మా వీధి స్తంభాన్ని అడుగు. తెగిన తీగ ఈయన్ని చూసి తనంతట తానే స్తంభం ఎక్కేసింది. పిడుగైతే నాలుక్కరుచుకుని..."

అల్లుడు నవ్వాడు. "అవునా మావయ్యగారూ? నిజంగానే మిమ్మల్ని కొట్టదా?"

మావయ్య మూతకి చివరి స్క్రూ బిగిస్తున్నాడు. తల తిప్పలేదు.

"వీడి మాటలకేం గానీ బాబూ, అందర్నీ కొట్టినట్టే నన్నూ కొడుతుంది. మీ అత్తయ్య పోయిన రోజు ఆమె వేసుకోవాల్సిన చెప్పులు నా కాళ్ళకున్నాయి."